ఓబుళమ్మ మడతకత్తి

ఒకానొక రాజ్యంలో రణమర్దన భూపతి అనే రాజు ఉండేవాడు. పేరులో తప్ప ఇంకెక్కడా రణం ఎరగడు. ఆయనకి తన నీడ మీద కూడా అనుమానమే, సాయంత్రమయ్యేసరికి అది తనకంటే పొడుగ్గా ఎందుకు సాగుతోందని. ముందు పిల్లి పాలు తాగాలి, తర్వాత వంటవాడు తాగాలి, ఇద్దరూ కులాసాగా ఉంటే అప్పుడు రాజు తాగాలి. ఆసరికి పాలు విరిగేవి. ఎందుకు విరిగాయని మళ్లీ అనుమానం.

ఒకనాడు కొత్వాలు నరసింగరాయుడు కుడిచేతికి కట్టుతో సభకి వచ్చాడు. వెనకే భటులు ఒక ఆడమనిషిని పట్టుకొచ్చారు. సంతలో తమలపాకులు అమ్ముకునే ఓబుళమ్మ.

"మహాప్రభూ, సంతలో కావలి తిరుగుతున్న నా మీదికి ఇది పులిలా దూకి పొడిచింది. అంతా రెప్పపాటులో జరిగిపోయింది," అంటూ కొత్వాలు ఒక మడతకత్తిని పళ్లెంలో పెట్టించాడు. "దీన్ని రోజూ చీర మడతలో రొంటిన దోపుకు తిరుగుతుంది. ఇదొక్కతే కాదు. విచారించాను, సంతలో ఆడవాళ్లందరి రొంటినా ఒకటి ఉంది."

రాజు కాళ్లు సింహాసనం మీదికి లాక్కున్నాడు. "అందరి రొంటినా?"

"తొడిమలు కోసుకోవడానికట. తాళ్లు తెంపుకోవడానికట."

"తొడిమ గోటితో తెగదూ?" అన్నాడు రాజు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క తొడిమ తెంపినవాడు కాడు. దాచడానికి కాకపోతే కత్తిని మడవడం దేనికని ఆయనకి తోచింది. "ఏమే, నిజమేనా?"

"కోసింది నిజం, దొరా. మీదికి దూకింది అబద్ధం. ఏం జరిగిందో ఆయన్నే అడగండి."

"కొత్వాలుని నేనెందుకు అడుగుతాను? కోసిన చెయ్యి నరికేయండి. సంతలో ఆడవాళ్ల కత్తులన్నీ పొద్దుగూకేలోగా కోటకి చేరాలి."

ఆ సభలో తిప్పాంబ అనే ఆవిడ ఉంది. రాజుకి పొడుపుకథలు చెప్పే కొలువు ఆవిడది. ఆవిడ గొంతు సవరించుకుంటే మంత్రులు కండువాలు సవరించుకునేవారు.

"పాలకే పిల్లిని పెట్టి పరీక్ష చేయించే ప్రభువులు కత్తిని ఊరికే నమ్మేస్తున్నారేమిటి?" అంది తిప్పాంబ. "రేపు ఇలాంటిది పట్టుకుని ఎవరైనా మీ మీదికే వస్తే? అదెంత వేగంగా తెరుచుకుంటుందో తెలియొద్దూ?"

రాజు సింహాసనంలో ఇంకాస్త వెనక్కి జరిగాడు. "పరీక్షించండి. నాకు దూరంగా."

భటుల్లో బాగా బలిష్ఠుడైన ఒకణ్ణి పిలిచి, కత్తిని మడిచి అతని రొంటిన దోపించారు. కొత్వాలుని ఎదురుగా నిలబెట్టారు.

"పులిలా దూకి పొడువు నాయనా," అంది తిప్పాంబ.

భటుడు దూకాడు. దూకాక రొంటిలో తడుముకున్నాడు. పంచె మడతలోంచి కత్తి ఊడిరావడమే ఒక ప్రయాస అయింది. వచ్చాక ఒక చేత్తో పిడి పట్టుకుని, రెండో చేతి గోటితో పిడిలో మడిచిన అలుగుని పైకి లాగాడు. మహా బిగువు. గోరు విరిగింది. పళ్లు బిగించి మళ్లీ లాగాడు. అది టక్కున తెరుచుకునేసరికి రాజు తాంబూలం నమలడం అయిపోయింది, కొత్వాలు స్తంభం దాకా వెళ్లి ఆనుకుని నిలబడ్డాడు.

"వీడికి చేతకాదు ప్రభూ," అన్నాడు కొత్వాలు అక్కణ్ణుంచే. "దానికి రోజూ అలవాటే."

"అయితే ఆవిడకే ఇవ్వండి," అంది తిప్పాంబ.

రాజు తన ముందు డాళ్లు అడ్డం పెట్టించుకుని, సందులోంచి చూశాడు. ఓబుళమ్మ భటుడికంటే త్వరగానే తెరిచింది. కానీ ఆవిడా రొంటిలోంచి తియ్యాలి, ఆవిడా రెండు చేతులూ వాడాలి, గోటితో లాగాలి.

"అలవాటున్న చేతికే ఇంతసేపు పట్టింది," అంది తిప్పాంబ. "కొత్వాలుగారూ, ఆవిడ కత్తి తీసి, తెరిచి, కోసేదాకా మీ చెయ్యి అందుబాటులోనే ఉంది. అంతసేపూ అదక్కడ ఏం చేస్తోంది?"

కొత్వాలు కట్టు సర్దుకున్నాడు. "రొంటిలో ఏముందో సోదా చేద్దామని..."

"ఇందాక పులి దూకిందన్నారు?"

సభ గుసగుసలాడింది. ఓబుళమ్మ కత్తి మడుస్తూ అంది: "చెయ్యి తియ్యమని చెబుతూనే ఉన్నాను, దొరా. కత్తి తీస్తున్నప్పుడూ చెప్పాను, తెరుస్తున్నప్పుడూ చెప్పాను. ఆడదాని మాట అనుకున్నారు."

రాజు డాలు పక్కకి నెట్టాడు. ఆయన అనుమానం ఇప్పుడు కత్తి మీద లేదు. "రెప్పపాటు అన్నావు నాతో. నా కొలువులో ఉండి నాకే అబద్ధం. ఇంకెన్ని చెప్పావో. వీడి తలపాగా ఊడదీయండి."

కొత్వాలుగిరీ అక్కడితో సరి. ఆ పైన భటుడి విరిగిన గోరు గుర్తొచ్చి రాజుకి నవ్వు ఆగలేదు. చేతి కంకణాలు తీసి తిప్పాంబకి ఇప్పించి, "ఇంకేం కావాలో అడుగు," అన్నాడు.

"ఓబుళమ్మ కత్తి ఓబుళమ్మకి. మిగతావాళ్లవి వాళ్ల రొంటినే ఉంటాయి. ఇకమీదట సంతలో కావలివాళ్లు చేతులు కట్టుకుని తిరగాలి. కావలికి కళ్లు చాలు."

"అలాగే," అన్నాడు రాజు. వెంటనే ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. "ఆగు. నీ రొంటిన కూడా ఒకటుందా?"

"అనుమానమైతే," అంది తిప్పాంబ, "ప్రభువులు చెయ్యి పెట్టి చూసుకోవచ్చు."

రాజు తన చేతులకేసి ఒకసారి చూసుకున్నాడు. వాటిని మెల్లగా కట్టుకుని, అప్పుడు పగలబడి నవ్వాడు.