కోడికి వేసిన గింజలు

చదరంగం నేర్పే వరదాచారి మాస్టారికి ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పే అలవాటు లేదు. ఆ సంగతి తెలిసి కూడా శిష్యుడు తారకేశం ఒక సాయంత్రం ఉండబట్టలేక అడిగాడు.

"ఫోనులో చదరంగం ఆడే ప్రోగ్రాముకు సిగ్గా, బాధా మాస్టారూ? ఓడిన ఆటల నుంచి అదెలా నేర్చుకుంటుందండీ?"

అడగడానికి కారణం ఉంది. ఆదివారం జిల్లా జట్టుకు ఎంపిక. తన చోటు ఖాయమని తారకేశం ఆఫీసులో అప్పుడే జిలేబీలు పంచేశాడు. తీరా చూస్తే ఆడిన ప్రతి ఆటా ఓడిపోతున్నాడు. ఆట మొదట్లోనే మంత్రిని ఎదుటివాడి మీదికి ఉరికించడం అతని సరదా. ఆ మంత్రి ఏనాడూ తిరిగి ఇల్లు చేరిన పాపాన పోలేదు. తప్పు మాత్రం ఫ్యానుదో, ఎదుటివాడి దగ్గుదో అయ్యేది.

మాస్టారు కాగితం మీద తొమ్మిది గళ్లు గీసి, ఇటు మూడు, అటు మూడు బంట్లు పెట్టారు. అవతలి వరస ముందు చేరినవాడిది, లేదా ఎదుటివాడికి ఎత్తు లేకుండా చేసినవాడిది గెలుపు. పక్కన ఖాళీ అగ్గిపెట్టెలు పేర్చారు. ఆటలో బంట్లు నిలిచే ఒక్కో తీరుకు ఒక్కో పెట్టె. అక్కడ వేయదగిన ఒక్కో ఎత్తుకు ఒక్కో రకం గింజ, కందో పెసరో అలసందో.

"ఈ పెట్టెలతో ఆడు. వాటి వంతు వచ్చినప్పుడు నేను కళ్లు మూసుకుని గింజ తీస్తాను. ఏ గింజ వస్తే ఆ ఎత్తు," అన్నారు.

తారకేశం నవ్వుకుంటూ ఇట్టే గెలిచాడు. మిగతా గింజలను వాటి పెట్టెల్లో తిరిగి వేసి, పెట్టెలను ఓడించిన ఆఖరి గింజను మాస్టారు కిటికీలోంచి పారేశారు. వాకిట్లో కోడి దాన్ని మింగింది. మళ్లీ గెలిచాడు, మళ్లీ ఓ గింజ పోయింది. కోడికి పండగైంది.

రానురాను దానికి గింజలు తగ్గాయి. ఆపైన రావడమే మానేశాయి. తారకేశం వరసగా ఓడుతున్నాడు. కుర్చీ మార్చాడు, ఫ్యాను కట్టేశాడు, కిటికీ మూశాడు. చెమటలు పట్టాయి గాని గెలుపు రాలేదు. అగ్గిపెట్టెల చేతిలో ఓడేవాణ్ణి జట్టులో ఎవరు చేర్చుకుంటారని అతనికి నిజంగానే గుబులు పుట్టింది. తిన్న జిలేబీలను ఆఫీసువాళ్లు మరిచిపోతారా?

"మీరు తీసేది కళ్లు మూసుకునే గదా. చెడ్డ గింజ ఒక్కటైనా చేతికి రాదేమండీ?" అన్నాడు ఏడుపు గొంతుతో.

"ఉంటేగా," అన్నారు మాస్టారు.

తారకేశం ఒక పెట్టె తెరిచి చూస్తే అందులో ఒకే గింజ మిగిలి ఉంది. "మరి ఆదివారం నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు చివరికి.

మాస్టారు లేచి కిటికీ తెరిచారు. కోడి ఇంకా అక్కడే మెడ సాచి నిలబడి ఉంది. ఆయన శిష్యుడి వైపు అరచెయ్యి చాచారు.

"ఆ మంత్రి గింజ ఇలా ఇవ్వు నాయనా. పాపం, అది ఎదురుచూస్తోంది."