గూట్లో మట్టి ముద్ద

ఒకప్పుడు గిజిగాళ్ళు గూట్లో మట్టి పెట్టేవి కావు. వెనకటి పిట్టలు పెట్టేవట గానీ, అదెందుకో తెలియక రానురాను అన్నీ మానేశాయి. వాగు ఒడ్డున తుమ్మచెట్టు మీదుండే సుంకులవ్వ ఒక్కతే మానలేదు.

ఆ ముసలి పిట్ట చాదస్తం అంతా ఇంతా కాదు. గూటి వాకిలి కిందికే ఉండాలి. ఎండుగడ్డి పనికిరాదు, పచ్చి పోచలే కావాలి. గుడ్లు పెట్టే ముందు లోపలి గోడకు తడిమట్టి ముద్ద మెత్తి తీరాలి. అవ్వ వస్తోందంటే చాలు, కుర్ర పిట్టలు మెల్లగా పక్క కొమ్మకు జారుకునేవి.

ఆ ఏడు అవ్వ మనవరాలు గరికకు మొదటి కాన్పు. మొగుడు ముచ్చటగా గూడు అల్లిపెట్టాడు. గుడ్లు పెడదామని గరిక వచ్చేసరికి, అవ్వ వాకిలికి అడ్డంగా వేలాడుతోంది.

"మట్టి ఏదే?" అంది అవ్వ.

"ఎందుకవ్వా? గూటికి బరువు తప్ప."

"ఎందుకో నాకూ తెలీదు. మా అమ్మ పెట్టింది, నేను పెట్టాను. నువ్వూ పెట్టు."

గరికకు ఒళ్ళు మండింది. తనకే తెలియని పనికి ఇంత పట్టుదల ఏమిటని గొణుక్కుంది. అవ్వ కదిలితేనా? ఇక్కడ చూస్తే గుడ్లు పెట్టే వేళ మించిపోతోంది. చేసేది లేక వాగులోకి దిగి, ముక్కుతో మట్టి తెచ్చి గోడకు మెత్తింది. చెట్టు మీది పిట్టలన్నీ దాన్ని చూసి పకపకా నవ్వాయి.

గుడ్లు పొదిగే రోజుల్లో, పట్టపగలే సుడిగాలి లేచింది. తేలిక గూళ్ళన్నీ గింగిరాలు తిరిగి తలకిందులయ్యాయి. గుడ్లు ఒక్కొక్కటే వాగులో పడ్డాయి. ఆ తల్లుల ఏడుపు వాగు అవతలి దాకా వినిపించింది.

గరిక కళ్ళు మూసుకుని గుడ్ల మీద బోర్లా పడుకుంది. దాని గూడు కూడా ఊగింది. ఊగింది గానీ తిరగలేదు. మట్టి బరువు దాన్ని పట్టి నిలిపింది.

గాలి తగ్గాక గరిక వెళ్ళి అవ్వ పక్కన వాలింది. ఇదంతా నీకు ముందే తెలుసు కదూ అని అడిగింది.

"నాకేం తెలుసే పిచ్చిదానా. మొదట పెట్టినవాళ్ళకు తెలిసే ఉంటుందని నమ్మాను, అంతే."

అవ్వ ఎవరినీ ఒక్క మాట దెప్పలేదు. కళ్ళు తుడుచుకుని వాగులోకి దిగింది. ముక్కునిండా తడిమట్టితో, గుడ్లు పోయిన ప్రతి తల్లి దగ్గరకూ వెళ్ళి, మళ్ళీ గూడు కట్టుకోమంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. అలాంటి చాదస్తానికి దండం పెట్టాల్సిందే.

అప్పటినుంచే గిజిగాడి గూట్లో మళ్ళీ మట్టి ముద్ద ఉంటోంది. ఎందుకని ఏ తల్లిపిట్టనైనా అడిగి చూడండి. గాలి సంగతి చెప్పదు. "మా అవ్వ పెట్టమంది" అంటుంది.