పల్లకీకి పది అడుగుల ముందు

తిరుపాలు నాదస్వరానికి ఊపిరి చాలడం లేదు.

ఊపిరితిత్తులకు నిమ్ము చేసి నెల్లాళ్లు ఆసుపత్రిలో ఉండి వచ్చాడు. ప్రాణం దక్కింది గానీ, పల్లవి ఒకసారి వాయించేసరికే రొప్పు వస్తోంది. ఇరవై ఆరేళ్లుగా చెన్నకేశవస్వామి పల్లకీ ముందు నడుస్తూ నాలుగు వీధులూ వాయించిన మనిషి. ఉత్సవాలకు రెండు నెలలే ఉంది. ఈసారికి పక్కూరి మేళాన్ని పిలుద్దామా అని గుడి పెద్దలు మెత్తగా అడిగారు. తిట్టినా అంత బాధపడేవాడు కాదు.

రోజూ నడవమన్నాడు డాక్టరు. వీధిలోకి వెళ్తే దుమ్ముకి దగ్గు తెర. అందుకని కూతురు ట్రెడ్‌మిల్ కొని పంపింది. మొదటి వారం దాని మీద భార్య చెంగమ్మ తడి చీరలు ఆరేసుకుంది. రెండో వారం తిరుపాలుకి పౌరుషం వచ్చి, చీరలు తీసి పక్కన పెట్టి ఎక్కాడు. ఎదురుగా ఎర్రగా వెలిగే అంకెల మీదే కళ్లు. నిన్నటికంటే ఇవాళ ఎక్కువ రావాలి. పది నిమిషాలకల్లా కడ్డీ పట్టుకుని వేలాడేవాడు.

అలా వేలాడుతున్న ఒక ఉదయమే నాగలింగం గారు వచ్చారు. తిరుపాలు పదకొండో ఏట అతని చేతికి నాదస్వరం ఇచ్చిన గురువు. ఎనభై రెండేళ్లు. చేతికర్ర ముందు వస్తే ఆయన వెనక వస్తారు.

"ఎందాకా పోయొచ్చినావురా?"

"ఎక్కడికీ లేదు గురువుగారూ. ఎంత పరిగెత్తినా ఈ గదిలోనే ఉండా. గానుగెద్దు నయం, దానివల్ల నూనైనా వస్తది."

సంతలో ఎద్దును చూసినట్టు ఆయన యంత్రం చుట్టూ ఒకసారి తిరిగారు. పట్టాను కర్రతో నొక్కి చూశారు.

"ఎండ లేదు. దుమ్ము లేదు. కుక్క లేదు, గుంత లేదు. తూలితే పట్టుకోను రెండు పక్కలా కడ్డీలు. వద్దనుకుంటే నిలిచిపోతది. ఇంత మంచి వీధి మన ఊళ్లో యాడుందిరా? నీకే నడవడం రాలా."

తిరుపాలుకి చురుక్కుమంది. "ఇరవై ఆరేళ్లు నడిచినోణ్ని కదా!"

"అట్టనా. మేళం వాయించేవాడు పల్లకీకి ఎంత ముందుండాల?"

"పది అడుగులు."

"వెనక్కి తిరిగి చూసుకుంటావా?"

"చూడకూడదు గదా. బోయీల అడుగులు చెవికే తెలుస్తాయి."

"మరి స్వామిని యాడనో వదిలిపెట్టి ఒక్కడివే పోతా ఉండావే!"

తిరుపాలు మళ్లీ ఎర్ర అంకెల వైపు చూశాడు.

నాగలింగం గారు భుజం మీది కండువా తీసి అంకెల మీద కప్పారు. వంటింటి గడప దగ్గరికి పోయి, శిష్యుడి వీపుకి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు.

"మెల్లిగా పోనీ. ఇంకా మెల్లిగా."

పట్టా మెత్తగా కదిలింది. వెనక నుంచి నేల మీద కర్ర చప్పుడు మొదలైంది. బోయీలు అడుగు మార్చుకునే లయ. దాని మీద సన్నగా, పల్లకీ లేచేటప్పుడు వాయించే మల్లారి, ముసలి గొంతులో.

తిరుపాలు కడ్డీని ఒక చేత్తో పట్టుకుని కళ్లు సగం మూశాడు.

గోడ ఎటు పోయిందో తెలియలేదు. నీళ్లు చల్లిన వీధి కాళ్లకింద చల్లగా ఉంది. తూర్పు వీధి మలుపులో కర్పూరం వాసన. అరుగుల మీద పిల్లల్ని ఎత్తి పట్టుకున్న తల్లులు. ఎవరో కొట్టిన కొబ్బరికాయ నీళ్లు పాదం మీద చిందాయి. దక్షిణం వీధి ఎప్పుడు దాటాడో, పడమటి వీధిలోకి ఎప్పుడు తిరిగాడో తెలియదు. వెనక బరువైన అడుగులు వస్తున్నాయి, అంతే. హాయిగా ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఇంత హాయి ఎరగడు.

చెంగమ్మ కాఫీ తెచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. గ్లాసులో మీగడ కట్టింది. ఆమె కళ్లు తుడుచుకోవడం తిరుపాలు చూడలేదు.

చాలాసేపటికి కర్ర ఆగింది. అతనూ పట్టా ఆపాడు. గది నిశ్శబ్దంగా లేదు. మల్లారి ఇంకా వినిపిస్తోంది. గురువుగారి పెదవులు మూసి ఉన్నాయి. పాడుతున్నది తనే. ఎప్పుడు అందుకున్నాడో గాని, రొప్పు లేదు.

దిగి వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాడు. అడగడానికి భయపడుతూనే అడిగాడు.

"గురువుగారూ, ఉత్సవాలకి స్వామి ముందు నడవగలనంటారా?"

నాగలింగం గారు అతని తల మీద చెయ్యి వేశారు.

"ఇంతసేపూ ఎవరి ముందు నడిచినావురా?"