వాసన చూసి తినేవాడు

మీరావలి ఏదీ వాసన చూడకుండా నోట్లో పెట్టుకునేవాడు కాదు.

భార్య జాన్‌బీ టీ ఇస్తే గ్లాసు ముక్కు దాకా తీసుకెళ్ళి, కాస్త ఆగి, అప్పుడు తాగేవాడు. ఈయనకి టీ వాసనంటే ఇష్టం కామోసు అనుకుంది ఆమె కొత్తలో. అన్నం పెడితే, "నువ్వూ కూర్చో, కలిసి తిందాం" అనేవాడు. ఎంత ప్రేమో అని మురిసిపోయింది పాపం. తను రెండు ముద్దలు మింగిందాకా ఈయన కంచంలో చెయ్యి ఊరికే కలుపుతూనే ఉంటదని కనిపెట్టేసరికి పిల్ల కూడా పుట్టేసింది.

ఆ పిల్ల నూరీకి ఇప్పుడు ఐదేళ్ళు. ఒక పొద్దున తల్లి పాలు ఇస్తే, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "అమ్మా, ముందు నువ్వు తాగు" అంది.

జాన్‌బీ అరవలేదు. వచ్చి మొగుడి ఎదురుగా నిలబడింది.

"నేను పిల్లని తీసుకుని మా అమ్మోళ్ళింటికి పోతా. ఒక్కటి చెప్పు. రేపు నువ్వు దాన్ని చూట్టానికి వచ్చి ఏదన్నా కొనిపెడితే నేనేం చెప్పాలి దానికి? మీ అమ్మ నీకు చెప్పినట్టే చెప్పనా?"

"గురువారం పోయిందాకా ఆగు" అన్నాడు మీరావలి, అంతే.

ఊరి బయట చిన్న దర్గా. అక్కడ బాజీ తాత ఉంటాడు. మీరావలి ఎన్నో ఏళ్ళుగా ఆయన శిష్యుడు. తాత పెద్దగా బోధలేమీ చెయ్యడు. గురువారం గురువారం వచ్చినోళ్ళకి అన్నం పెడతాడు, పక్కన కూర్చోబెట్టుకుంటాడు. మీరావలి ఆయనకి ఫ్లాస్కులో టీ తీసుకెళ్తాడు.

గురువారం దాకా ఆగలేక, ఆ సాయంత్రమే ఫ్లాస్కు పట్టుకుని తాత దగ్గరికెళ్ళి కూలబడ్డాడు.

"తాతా, ఈ ముక్కు కోసి పారెయ్యాలనుంది."

"ఎవరు నేర్పారు నాయనా దానికి ఆ పని?"

చెప్పుకొచ్చాడు. అమ్మానాన్న విడిపోయేనాటికి తను నూరీ అంత. తలాకు ఒక్క రోజులో అయింది గానీ తగువు మాత్రం ఏళ్ళ తరబడి సాగింది. వారమంతా అమ్మ దగ్గర, ఆదివారం నాన్న దగ్గర. బస్సెక్కించేప్పుడు అమ్మ చెవిలో చెప్పేది, "అక్కడేం పెట్టినా తినకు. మందు పెడతారు. తిన్నావంటే అమ్మని మర్చిపోతావు." అక్కడ దిగగానే నాన్న అన్నం డబ్బా లాక్కునేవాడు, "మీ అమ్మ ఏం కలిపి పంపిందో, పారెయ్."

"మరేం తినేవాడివిరా?"

"బస్టాండులో బఠాణీలు తాతా. ఆ అమ్మేవాడికి నేనెవరో తెలీదు కదా. వాడు మందెందుకు పెడతాడు?"

తాత నవ్వలేదు. ఫ్లాస్కులో మిగిలిన టీ వంపుకుని తాగేశాడు.

"ఈ గురువారం వంట నువ్వు చెయ్యి. పెళ్ళాన్నీ పిల్లనీ తీసుకురా."

గురువారం మీరావలి బగారన్నం ఎక్కించాడు. దర్గాలో ఒక పద్ధతుంది. అన్నం ముందు ఫాతిహా ప్రార్థన చదివిందాకా వండినోడు కూడా ఎంగిలి చెయ్యకూడదు. ఉప్పు సరిపోయిందో లేదో కూడా నోట్లో వేసుకుని చూడకూడదు. అతనికి అది అన్నిటికన్నా కష్టంగా ఉంది.

కట్టెలు తేవడానికి పక్కకెళ్ళి వచ్చేసరికి, తాతకి ఇంకో శిష్యుడైన హుస్సేను డేగిసా మీద మూత పెడుతూ కనిపించాడు. హుస్సేనంటే మీరావలికి మొదట్నుంచీ గిట్టదు. ఎప్పుడూ నవ్వుతుంటాడు. ఊరికే నవ్వేవాళ్ళని అతను నమ్మడు.

"ఏం చేస్తున్నావ్?"

"ఏం లేదన్నా, ఉడికిందేమోనని" అంటూ హుస్సేను చేతులు లుంగీకి తుడుచుకుని వెళ్ళిపోయాడు.

తుడుచుకోవడం దేనికి? పొయ్యి పక్కన చూస్తే చిన్న పొట్లం కాగితం పడుంది. తీసి వాసన చూశాడు. ఏ వాసనా లేదు. అప్పుడు ఇంకా ఎక్కువ భయమేసింది.

తాత దగ్గరికి ఉరికాడు. "తాతా, ఈ అన్నం పారబోద్దాం. హుస్సేను ఏదో కలిపాడు."

"చూశావా?"

"మూత పెట్టడం చూశా. మీరు పిలిచి అడగండి."

"అడిగితే ఏమంటాడు?"

"ఏం లేదంటాడు."

"నమ్ముతావా?"

మీరావలి చేతిలోని పొట్లం కాగితం మళ్ళీ వాసన చూశాడు.

"పద, పాపం అందరూ ఆకలి మీదున్నారు" అంటూ తాత లేచాడు.

ఫాతిహా అయింది. పెద్ద పళ్ళేల్లాంటి తబుకులు పరిచి, అన్నం వడ్డించి, ఒక్కోదాని చుట్టూ నలుగురేసి కూర్చున్నారు. తాత, హుస్సేను, మీరావలి, అతని పక్కన నూరీ. ఆడవాళ్ళ బంతిలోంచి జాన్‌బీ ఇటే చూస్తోంది.

తాత పెద్ద ముద్ద చేసుకుని నోట్లో పెట్టుకున్నాడు.

"తాతా!" మీరావలి ఆపబోయాడు. "అందులో ఏముందో మీకు తెలుసా?"

"తెలీదు."

"మరెట్టా తింటున్నారు?"

"నువ్వు తెచ్చే టీలో ఏముందో కూడా నాకు తెలీదు నాయనా. ఇన్నేళ్ళూ తాగుతూనే ఉన్నాగా."

హుస్సేను కూడా తింటున్నాడు. మీరావలి చెయ్యి మాత్రం అన్నం కలుపుతూనే ఉంది. పక్కకి చూశాడు.

నూరీ ముద్ద ముక్కు దగ్గర పెట్టుకుని ఉంది. వాసన చూడటం అయిపోయింది. ఇప్పుడు నాన్న మొహం చూస్తోంది. తినొచ్చో లేదో అక్కడ వెతుక్కుంటోంది.

చిన్నప్పుడు తనూ అంతే. బస్సు దిగగానే అందరి మొహాలూ ఇట్టాగే చూసేవాడు.

ముద్ద తీసుకున్నాడు. అలవాటుగా చెయ్యి ముక్కు దాకా లేచింది. ఊపిరి బిగబట్టి నోట్లో పెట్టుకున్నాడు. నమ్మి కాదు. పిల్ల చూస్తోందని.

నూరీ కూడా తినేసింది. నమిలి, మొహం చిట్లించింది.

"నాన్నా, ఉప్పే లేదు!"

తబుకు చుట్టూ ఉన్నవాళ్ళందరూ పగలబడి నవ్వారు. హుస్సేను అందరికన్నా గట్టిగా నవ్వాడు. "అన్నా, ఉప్పు నువ్వే తినేశావా ఏంది?"

జాన్‌బీ లేచి వచ్చింది, గుప్పెట్లో ఉప్పు పట్టుకుని. మొగుడి వైపు చూసి ఒక్క క్షణం ఆగింది. తర్వాత వంగి అతని ముందు చల్లింది.

ఆమె గుప్పెట్లోంచి ఏం రాలుతోందో మీరావలి చూడలేదు. ఆమె మొహమే చూస్తున్నాడు.

"కలుపు నాయనా, చల్లారిపోద్ది" అన్నాడు తాత.

కలిపాడు. ఈసారి ఎవరికోసమూ ఆగలేదు.