మడత కింది మాట

ఆ ఊళ్ళో అందరూ నేతగాళ్ళే. కొండ మీద రాజుగారింటి విందుకు ఊరందరికీ పిలుపు ఉంది. కొండ మీద ఒక్కొక్కరి పేరునా ఒక గంట ఉంది; ఎవరిది ఎప్పుడు మోగుతుందో తెలియదు. మోగిన రోజున వెళ్ళాల్సిందే.

పిలుపు కాగితం ఇంటింటా ఉండేది. ఏడాదికొకసారి దాన్ని పట్టుగుడ్డలోంచి తీసి, కళ్ళకద్దుకుని, మడత విప్పకుండా పైకి కనిపించే ఒక్క మాటే చదివేవాళ్ళు: "మచ్చలేని వస్త్రం కట్టుకుని రండి." మళ్ళీ చుట్టి అటకెక్కించేవాళ్ళు. నేతగాళ్ళతో వస్త్రం అంటే ఇంకేముంది, అందరూ మగ్గాల్లో కూర్చున్నారు. ఒక్క ముడి పడినా మొత్తం విప్పి మళ్ళీ మొదలు. నేస్తూ విప్పుతూనే ముసలివాళ్ళయ్యారు. నవ్వకండి, పాపం, వాళ్ళు పనిదొంగలు కారు.

అక్కడ ఒక తల్లి, ఆమె కూతురు ఉండేవాళ్ళు. తల్లి ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి తన వస్త్రం నేస్తూనే ఉంది. ఇప్పుడు చూపు మందగించింది. వేలికి ముడి తగిలితే చాలు, తిండి మానేసి విప్పుతూ కూర్చునేది.

"గంట మోగితే నా గతేంటే? ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?" అనేది.

ఒకరోజు కూతురు ఊరిపెద్ద దగ్గరికి వెళ్ళింది. ఎనభై ఏళ్ళ మనిషి, ఆయనా తన గుడ్డలో ముళ్ళు విప్పుకుంటూనే ఉన్నాడు.

"తాతా, అమ్మ గుడ్డ నేను నేసి పెట్టొచ్చా?"

"కుదరదమ్మా. ఎవరిది వాళ్ళే నేసుకోవాలి."

"అలాగని రాజుగారు రాశారా?"

ముసలాయన చేతులు ఆగాయి. "మా నాన్న చెప్పాడు. ఆయనకు వాళ్ళ నాన్న చెప్పాడు. రాసుందో లేదో... కాగితం మీ ఇంట్లోనూ ఉంది కదమ్మా."

ఆయన కసురుకుని ఉంటే ఆమె తిరిగి మగ్గంలోనే కూర్చునేదేమో. కసురుకోలేదు. ఆ మేలు ఆమె ఎన్నడూ మరిచిపోలేదు.

ఇంటికొచ్చి అటక మీది మూట దించింది. మడత విప్పింది. ఒకసారి చదివి, నమ్మబుద్ధి కాక, వేలు పెట్టి మళ్ళీ చదివింది.

"అమ్మా, ఆ విప్పడం ఆపు. కింద ఇంకా ఉంది. 'ఆ వస్త్రం మీ వల్ల కాదని నాకు తెలుసు. ఒక్కొక్కరి కొలతకూ నేనే నేశాను. గుమ్మం దగ్గర ఉంచాను. ఉన్నవాళ్ళు ఉన్నట్టే రండి.'"

"రాజుగారు మగ్గంలో కూర్చున్నారా?" అంది తల్లి. "మళ్ళీ చదువు."

మళ్ళీ చదివింది. ఆ పూట తల్లి కడుపునిండా తింది.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే ఇద్దరూ ఆ కాగితం ముందేసుకుని కూర్చునేవాళ్ళు. పని ఎగ్గొట్టడానికి భలే ఎత్తు వేశారని ఇరుగుపొరుగు మూతులు తిప్పారు. తల్లి నవ్వి ఊరుకునేది. అలా నవ్వడం ఆమెకు కొత్త.

కోతల కాలంలో ఒక ఉదయం తల్లి గంట మోగింది. ఆమె తన గుడ్డ కోసం తడుముకోలేదు. కట్టుకున్న మాసిన చీరతోనే, ఉత్త చేతులతో, "వస్తానే" అని గుమ్మం దిగింది. కూతురు వెక్కివెక్కి ఏడ్చింది. అయినా అమ్మ భయపడుతూ వెళ్ళలేదు. అందుకు కొండ వైపు తిరిగి చేతులెత్తి దణ్ణం పెట్టింది.

కొన్నాళ్ళకు కూతురు మళ్ళీ మగ్గంలో కూర్చుంది. ఊరిపెద్ద చూసి ఆగాడు.

"మళ్ళీ మొదలెట్టావా?"

"నాకు కాదు తాతా. వెనకింటి బాలింతరాలి బిడ్డకు కప్పడానికి గుడ్డ లేదు. అమ్మ సగంలో వదిలింది పూర్తి చేస్తున్నాను."

ఆయన గుడ్డ తడిమాడు. "ఇక్కడ ముడి ఉంది. విప్పలేదేం?"

"బిడ్డకు గుచ్చుకోదులే తాతా" అంది, దారపు నాడెను అటూ ఇటూ ఆడించడం ఆపకుండా.

ఆయన ఆమె పక్కన చతికిలబడి, చంకలోంచి పట్టుగుడ్డ మూట తీశాడు.

"నా కళ్ళకు అక్షరాలు ఆనవు. మడత కింద ఏముందో కాస్త చదివి పెట్టమ్మా."