పసుపు చూపే అద్దం

ఒక రాజ్యంలో రాణిగారి ముఖం పరాయివాళ్లు నేరుగా చూడకూడదు. వైద్యుడైనా, చిత్రకారుడైనా తెర ఇవతల కూర్చుని అద్దంలోనే చూడాలి. ఆ అద్దాన్ని మంత్రి భైరవయ్య ఏనుగు వెల పోసి పరదేశం నుంచి తెప్పించాడు. అందులో చూసి బొమ్మ వేసిన కుర్రవాణ్ణి, రాణికి పసుపు ముఖం వేశాడని దేశం నుంచి వెళ్లగొట్టారు.

ఇప్పుడా బొమ్మ వేసే పని అతనికి కుంచె పట్టడం నేర్పిన తల్లి ముద్దమ్మ మీద పడింది. ఆమె రాజు, మంత్రి ఎదుటే ఆ అద్దంలో తన తెల్లచీర కొంగు చూసుకుంది. పసుపులో ముంచినట్టుంది.

"మహారాజా, ఇందులో రంగు తప్పుతోంది. సంతలో కొన్న ఈ చిన్న అద్దం చాలు. ఇందులో తెలుపు తెల్లగానే ఉంది."

"ఆడలేక మద్దెల ఓడందట!" అన్నాడు మంత్రి. "ఏనుగు వెల అద్దం అబద్ధం చెబుతుందా?"

"చెప్పదు బాబూ. తమరే ఓసారి దాని ముందు కూర్చోండి. వైద్యుడుగారు చూస్తారు."

మంత్రి మీసం దువ్వుకుని కూర్చున్నాడు. వైద్యుడు తెర ఇవతలినుంచి అద్దంలోకి చూసి అదిరిపడ్డాడు.

"అమ్మో, పచ్చకామెర్లు! కళ్లు కూడా పచ్చబడ్డాయి. మజ్జిగన్నం తప్ప ఏమీ పెట్టొద్దు. ముందు చేతికి వాత పెట్టాలి, కడ్డీ కాల్చండి!"

కాలిన కడ్డీ చూసి మంత్రి ఎగిరి దూకాడు. "నాకే రోగమూ లేదు! ఆ అద్దమే పసుపు!"

"నా కొడుకూ అదే మొత్తుకున్నాడు బాబూ," అంది ముద్దమ్మ.

రాజు పగలబడి నవ్వాడు. "కుర్రవాణ్ణి పల్లకీలో తీసుకురండి. అతను వచ్చేదాకా మంత్రిగారికి మజ్జిగన్నమే!"