రెండో గీత ముదిరే దాకా

వేటపాలెంలో నూలుకు రంగులద్దే ఇంటి కోడలు చంద్రకళకు, ఏ పనైనా పూర్తికాకముందే అయిపోయిందనుకునే తొందర ఉండేది. అన్నం పొంగు రాగానే ఉడికిందనేది. రంగు తొట్టిలో వేసిన నూలును పావుగంటకే పైకి తీసేది. అత్త కోటమ్మ దాన్ని మళ్లీ తొట్టిలో వేయించేది. కోటమ్మకు చదువు రాదు గాని, రంగు చూడటంలో ఆ చుట్టుపక్కల ఆమెను మించినవాళ్లు లేరు.

చంద్రకళకు పెళ్లయి నాలుగేళ్లయింది. బిడ్డ కావాలని ఆమె ప్రాణం కొట్టుకునేది. భర్త మోహనరావు సరుకు లారీ నడిపేవాడు. పది రోజులకోసారి ఇంటికొచ్చి, ఒక పూట ఉండి వెళ్లిపోయేవాడు. డాక్టరమ్మ ఇద్దరికీ పరీక్షలు చేసి, లోపమేమీ లేదని, కలిసి ఉండాల్సిన రోజులే కుదరడం లేదని చెప్పింది. ఇంట్లోనే మూత్రంతో చేసుకునే అండం పరీక్ష కిట్లు రాసిచ్చింది. పట్టీ మీద మొదటి గీత ఎప్పుడూ వస్తుంది. రెండోది రోజురోజుకూ మారుతుంది. అది కూడా మొదటి గీతంత ముదురుగా వచ్చిన నాడు, ఇక ఒకటి రెండు రోజుల్లో అండం విడుదలవుతుందని అర్థం. ఆవిడ ఇదంతా ఓపిగ్గా చెబుతుంటే చంద్రకళ తల ఊపింది. కానీ చెవికెక్కింది మాత్రం "రెండు గీతలు" అన్న మాట ఒక్కటే. మిగతాది కూడా ఎక్కి ఉంటే నాకు ఈ కథ చెప్పే పని తప్పేది!

ఆమె చెల్లెలు గర్భవతైనప్పుడు చేసుకున్న పరీక్షలో రెండో గీత లేతగా వచ్చినా ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. ఇదీ అంతే కాబోలనుకుంది. నెలసరి వచ్చిన పదో రోజున పట్టీ మీద, కళ్లు చికిలించి చూస్తే గాని కనపడనంత లేత గీత వచ్చింది. ఇంకేం, వెంటనే మోహనరావుకు ఫోను చేసింది. అతను కిరాయి వదులుకుని రెండు రోజులు ఇంట్లో ఉండి వెళ్లాడు. మిగిలిన పట్టీలు అటక మీదికెక్కాయి. తర్వాతి నెలా అంతే, ఆ పై నెలా అంతే. మూడోసారి లారీ యజమానికి ఒళ్లు మండింది. మళ్లీ సెలవడిగితే వేరే డ్రైవరును పెట్టుకుంటానన్నాడు.

మూడో నెలా నెలసరి వచ్చేసరికి చంద్రకళ కుమిలి కుమిలి ఏడ్చింది. తన ఒంట్లోనే ఏదో ఉందని, డాక్టరమ్మకు తెలియలేదని, ఆ పట్టీలన్నీ పారేస్తానని అంది. కోటమ్మ పారేయనివ్వలేదు. ఈసారి తన ఎదుట చేసి చూపించమంది.

పదో రోజు మళ్లీ లేత గీత వచ్చింది. కోటమ్మ పట్టీని గుమ్మం దగ్గర వెలుగులో పెట్టి చూసింది.

"ఈ రెండూ ఒక రంగేనా?"

"రెండోది కొంచెం లేత. అయినా ఉందిగా అత్తయ్యా."

"ఇంత తేడాతో నూలు తెస్తే నేను ఒప్పుకుంటానా?"

చంద్రకళ వంగి పట్టీని మళ్లీ చూసింది. "ఒప్పుకోరు" అంది చివరికి.

"మరి నువ్వు దీన్నెట్లా ఒప్పుకున్నావే?"

అప్పుడు తీసింది చంద్రకళ, కిట్ పెట్టెలో మడతపెట్టి ఉన్న సూచనల కాగితాన్ని. అత్తకు వినిపించేలా మొదటి నుంచి చివరి దాకా చదివింది. డాక్టరమ్మ చెప్పిందే అందులోనూ ఉంది. మూడు నెలలూ గీత ముదరకముందే భర్తను పిలిచి, అసలు రోజు వచ్చేసరికి పంపించేసిందన్నమాట! తన మీద తనకే కోపం వచ్చింది. ఆ కోపంలోనే, గీత ముదిరే దాకా ఫోను ముట్టుకోనని ఒట్టు పెట్టుకుంది.

రోజూ మధ్యాహ్నం ఒకే వేళకు పరీక్ష చేసుకునేది. పదకొండో రోజు లేత. పన్నెండు, పదమూడు, పద్నాలుగు, అన్నీ లేతే. మనసు పీకేది, చెయ్యి ఫోను మీదికి పోయేది. అయినా పట్టు వదల్లేదు. పదిహేనో రోజు రెండో గీత మొదటిదానికన్నా ముదురుగా వచ్చింది. కోటమ్మ చూసి, ఇప్పుడు రంగు పట్టిందంది.

మోహనరావు గుంటూరు మిర్చి యార్డులో ఉన్నాడు. సరుకెక్కడానికి ఎల్లుండి అవుతుందని, బండి వదిలి రావడం కుదరదని ఫోనులో వాపోయాడు. ఇదివరకటి చంద్రకళైతే కూలబడి ఏడ్చేది. ఇప్పుడు రెండు చీరలు సంచిలో పెట్టుకుని గుంటూరు బస్సెక్కింది. యార్డు దగ్గరే ఆడపడుచు ఇల్లుంది. సాయంత్రానికి లారీ పక్కన నిలబడ్డ భార్యను చూసి మోహనరావు తెల్లబోయాడు.

"నాకు సెలవు లేదన్నాను కదా?"

"మీకు సెలవెందుకండీ? నేనే వచ్చాగా!"

ఆ నెల ఏమీ కాలేదు. చంద్రకళ ఏడవలేదు. పై నెల మళ్లీ రోజూ పట్టీ చూసి, గీత ముదిరిన నాడు ఒంగోలు వెళ్లింది. ఆ తర్వాతి నెల మోహనరావే కిరాయిలు సర్దుకుని ఇంటికొచ్చాడు. ఈసారి నెలసరి రాలేదు. డాక్టరమ్మ పరీక్ష చేసి, నిజమేనంది.

మోహనరావు ఆనందం పట్టలేక వీధి వీధంతా మిఠాయి పంచుతానని బయల్దేరాడు. చంద్రకళ అతని చొక్కా పట్టుకుని ఆపింది.

"మూడో నెల నిండనివ్వండి. తొందరేం?"

లోపల కోటమ్మ కడుపుబ్బ నవ్వింది.

ఆశపడటం తప్పు కాదు. కానీ ఆశ చూపించేదాన్ని కాక, కళ్లెదుట ఉన్నదాన్ని ఉన్నట్టు చూసి, సమయం వచ్చే దాకా ఆగి, వచ్చినప్పుడు వెనుకాడకుండా కదలాలి.